పదహారో వాటా

నేను అనుమానపు మనిషిని. ఈ మాట మా ఆయన పెళ్ళైన కొత్తలోనే అన్నాడు. మా వదిన ఇరవయ్యేళ్ళుగా అంటూనే ఉంది. ఆఫీసులో మస్తాన్ రోజుకోసారైనా అంటాడు. నేనేమీ నొచ్చుకోను, ఎందుకంటే నా ఉద్యోగానికి కావలసిన అర్హత అదే. రుషికొండ దగ్గర సముద్రం వైపున్న మా నాడీ పరిశోధన కేంద్రంలో కింది అంతస్తు సర్వర్ గది నా చేతి కింద ఉంటుంది. అక్కడికి వచ్చే ప్రతి మెషీన్‌నీ, ప్రతి కొత్త ప్రోగ్రామ్‌నీ దొంగని చూసినట్టు చూడడానికే నాకు జీతమిస్తారు.

ఆ గదిలో పదహారు మంది జ్ఞాపకాలున్నాయి. మెదడువాపు జ్వరం వల్లో, తలకి తగిలిన దెబ్బ వల్లో కొత్త సంగతుల్ని పట్టి ఉంచే చోటు పాడైపోయిన వాళ్ళు వీళ్ళంతా. పాతవన్నీ శుభ్రంగా గుర్తుంటాయి. పెళ్ళి, పుట్టిన ఊరు, చిన్నప్పుడు కొట్టిన మాస్టారి పేరు కూడా చెప్పేస్తారు. కొత్తది మాత్రం పది నిమిషాలు నిలవదు. మా డైరెక్టరు డాక్టర్ సుదర్శనం గారు పన్నెండేళ్ళు కష్టపడి, చెవి వెనక రూపాయి బిళ్ళంత పరికరం అమర్చి, ఆ పోయిన చోటు చేసే పనిని కంప్యూటర్ చేత చేయించారు. మనిషి పై అంతస్తు వార్డులో మంచం మీద ఉంటాడు. ఇవాళ తిన్నదీ, విన్నదీ కింద మా గదిలో అతని వర్చువల్ మెషీన్‌లో నిలుస్తుంది. తలుచుకోగానే మళ్ళీ పైకి చేరుతుంది. మెషీన్ల మీద పేర్లుండవు, అంకెలే. ఎవరి జ్ఞాపకం ఎవరిదో మాకు తెలియకూడదని నియమం.

పదహారో నంబరు ఎవరో మాత్రం నాకు తెలుసు. మా ఆయన కనకారావు. పోర్టులో క్రేన్ ఆపరేటరు. మొన్న వానాకాలం జ్వరంలో పడి, లేచాక, పొద్దున్న చెప్పిన మాట పొద్దున్నే మర్చిపోయే మనిషైపోయాడు.

ఇక్కడ నా పని ఎంత చిక్కులో పడిందో చెప్పాలి. వర్చువల్ మెషీన్ అంటే పెద్ద మేడలో అద్దె వాటా అనుకోండి. ఎవరి వాటాలో వాళ్ళు ఇల్లంతా తమదే అనుకుంటూ ఉంటారు. అన్ని వాటాల తాళాలూ ఉన్న ఇంటి ఓనరొకడు కింద ఉంటాడు. హోస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే వాడే. ఎప్పుడు లోపలికి వచ్చాడో, ఏ సామాను జరిపాడో అద్దెకున్న వాళ్ళకి తెలిసే దారి లేదు. మా పాత హోస్టుని చేసిన వాళ్ళు ఇక దాని బాగోగులు చూసుకోలేమని చేతులెత్తేశారు. నెలాఖరులోగా కొత్త హోస్టుని నేను ఎంచి, సంతకం పెట్టాలి.

మూడు వచ్చాయి పోటీకి. మొదటిది విదేశీ సరుకు, గంటకోసారి తన కంపెనీతో ఏదో మాట్లాడుకునేది. వారం తిరక్కుండా దాన్ని బయటికి పంపించాను. మిగిలినవి రెండు. ప్రాకారం అనేది మొండిది. ప్రతి వాటాకీ వేరే గోడ, వేరే సామాను. దేన్నీ దేనితోనూ కలవనివ్వదు. అందుకే మా మెషీన్ల మీద దానితో పదకొండు మందికి మించి పట్టరు. రెండోది త్రివేణి, మహా పొదుపరి. రెండు వాటాల్లో ఒకేలాంటి సామాను కనిపిస్తే ఒకటి తీసేసి, మిగిలిన దాన్నే ఇద్దరికీ చూపిస్తుంది. దానితో పదహారు మందీ పడతారు. రెండు నెలలుగా పరీక్ష కోసం దాన్నే నడుపుతున్నాం. చివర చేరిన ఐదుగురికీ చోటు దొరికింది దాని వల్లే. ఆ ఐదుగురిలోనూ చివరివాడు మా ఆయన.

మామూలుగా పొదుపు చేసే వాళ్ళని చూస్తేనే నాకు అనుమానం. కానీ మొగుడికి చోటిచ్చిన దాన్ని అనుమానించడానికి మనసొప్పలేదు.

నేను ఆయన్ని బాగానే చూసుకుంటున్నాననుకున్నాను. పొద్దున్న ఏడింటికి వార్డు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగేదాన్ని. మందుల మత్తులో నిద్రపోతూ ఉండేవాడు. అటు నుంచి కిందికి వచ్చి, రాత్రి ఎనిమిది దాకా తెర మీద పదహారో గీత కదులుతోందా లేదా అని రోజుకి నలభై సార్లు చూసేదాన్ని. ఏ పెళ్ళాం చూస్తుంది అలా?

ఆ రోజు పరీక్ష ప్రశ్నలు అడిగే నర్సు సెలవు పెట్టింది. కాగితం పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. మాది మేనరికం. చిన్నప్పటి నుంచీ మావా అనే పిలుపు.

"మావా, పొద్దున్నేటి తిన్నావు?"

"ఇడ్లీ. మూడు. సెట్నీలో ఉప్పు లేదు."

"నిన్న మజ్జానం ఎవరొచ్చారు?"

"డాట్రుగారు. ఈ పక్క మంచం పెద్దాయనకి మాత్తర మార్సినారు."

అన్నీ సరిగ్గానే చెప్పాడు. పక్క మంచం పెద్దాయన గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. నేను కాగితం మడిచి లేవబోతుంటే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అది సరేగానీ, గుమ్మానికి పసుపు రంగు ఏయించీసినావేటే?"

"ఏ గుమ్మం?"

"మనింటి గుమ్మమే. పెచ్చులూడిపోయిందనీసి అనుకున్నాం గదేటి. పనసెట్టు కిందకి ఉంటాది గదా, తడికి ఊరికే పోతాది."

మేముండేది పోర్టు క్వార్టర్సులో మూడో అంతస్తు. తలుపు ఆకుపచ్చ, అది కూడా పోర్టు వాళ్ళు వేయించిన రంగు. పనసచెట్టు మాట దేవుడెరుగు, మా బాల్కనీలో తులసి మొక్క కూడా బతకదు.

"పనసెట్టు ఎక్కడుంది మావా?" అన్నాను, గొంతు మామూలుగానే పెట్టి.

"ఇంటికాడే. భీమిలి రోడ్డు దిగి లోపలికెల్తే." నాకే మతి పోయిందన్నట్టు చూశాడు నన్ను.

నేను తెలివి తక్కువ పని చేసింది ఇక్కడే. పాత జ్ఞాపకాలు ఆయన బుర్రలోనే ఉంటాయి, కొత్తవి మాత్రమే మా మెషీన్‌లో ఉంటాయి. రెండు నెలలుగా మంచం దిగని మనిషికి కొత్తగా ఇల్లూ చెట్టూ ఎక్కడి నుంచి వస్తాయి? కాబట్టి ఇది పాతదే అని తేల్చేసుకున్నాను. జ్వరం రాకముందు నుంచీ ఎక్కడో భీమిలి వైపు ఒక ఇల్లుంది. ఆ ఇంటికి గుమ్మం ఉంది, గుమ్మంలో ఒక మనిషి ఉంది. ప్రపంచంలో అన్ని ప్రోగ్రాముల్నీ అనుమానించిన దాన్ని, నా చేత్తో నేను ఎక్కించిన త్రివేణిని వదిలేసి మొగుడి మీద పడ్డాను.

ఇంటికి వెళ్ళగానే బీరువా తెరిచి ఆయన చొక్కాల జేబులన్నీ దులిపాను. మా వదిన ఆదిలక్ష్మి, అంటే మా ఆయన అక్క, మాతోనే ఉంటుంది. కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటి ఎతుకుతన్నావే?"

"వదినా, నిజం చెప్పు. మీ తమ్ముడికి భీమిలి వైపు ఎవరైనా ఉన్నారా?"

"ఎవురైనా అంటే?"

"ఇల్లు. పనసచెట్టు. పసుపు గుమ్మం."

వదిన ఒక్క క్షణం నా మొహం చూసి పకపకా నవ్వింది. "ఓలమ్మో! ఆడికేటి? జొరం రాకముందే సేతిలో కాఫీ గళాసు ఎక్కడెట్టినాడో ఆడికే తెలిసీది కాదు. రెండిళ్ళు ఏటి గుర్తెట్టుకుంటాడే ఆడు?"

సరిగ్గా అప్పుడే గళ్ళ చొక్కా జేబులో భీమిలి బస్సు టికెట్టు దొరికింది. ఉతికి ఉతికి అంకెలు కూడా చెరిగిపోయాయి. వదిన ముక్కు దగ్గర ఆడించాను.

"మన గౌరి పెళ్ళికి ముగ్గురం ఎల్నాం గదే," అంది వదిన. "టికెట్టు నీకు దొరికింది. నీకు తోడు నాను కూడా ఆ బస్సులోనే ఉన్నాను. నన్నూ అనుమానించీ."

ఆమె చెప్పింది నిజమే. అయినా ఆ పూట నాకు అన్నం సహించలేదు.

రెండు రోజులు ఆగి మళ్ళీ పైకి వెళ్ళాను. ఈసారి కాగితం లేదు. స్టూలు లాక్కుని పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు ఎదురుగా కూర్చున్నాను.

"పసుపు రంగు ఎవరు వేయిద్దామన్నారు మావా?"

"దేవుడమ్మ."

ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు. "దేవుడమ్మ ఎవరు?"

ఆయన మొహం వెలిగింది. పెళ్ళైన కొత్తలో నేను చూసిన వెలుగు అది. "నాలుగింటికి ఒస్తాది. కేరేజీ తెస్తాది. మొన్న ఉప్పుడుపిండి తెచ్చింది. నిన్న ఆనపకాయ పులుసు. పసుపు రంగైతే గుమ్మానికి కళగా ఉంటాదని అన్నాది."

"నీకేమవుతుంది?"

నుదురు ముడుచుకుంది. "నా మనిషే," అన్నాడు. తర్వాత నన్ను పరీక్షగా చూశాడు. "నువ్వు రత్నానివి గదా?"

"రత్నాన్నే," అని లేచి వచ్చేశాను.

నాలుగింటికి పైకి వెళ్ళి కళ్ళారా చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చూడలేక వెళ్ళలేదు. ఊరంతటినీ అనుమానించే వాళ్ళకి అనుమానం నిజమయ్యే చోటికి వెళ్ళడమంటే ఎంత భయమో అనుభవిస్తే గానీ తెలియదు. పైగా ఆ రోజు మూడింటికే హోస్టు గురించి మీటింగు.

సుదర్శనం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రత్నం గారూ, అంకెలన్నీ త్రివేణి వైపే ఉన్నాయండీ. ఇంక ఆలస్యం దేనికి?"

"నాకు త్రివేణి మీద నమ్మకం లేదు సార్. ప్రాకారానికే సంతకం పెడతాను."

"కారణం?"

కారణం లేదు. ఉన్న కారణం అక్కడ చెప్పేది కాదు. ఆయనే అన్నారు. "ప్రాకారం అయితే పదకొండు మందే. చివర చేరిన ఐదుగురినీ ఆపేయాలి. కొత్త మెషీన్లు వచ్చే ఏడాది గానీ రావు. అందరికంటే చివర చేరింది మీ వారే. గుర్తుంది కదా?"

"గుర్తుంది," అన్నాను.

ఎంత తృప్తిగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆగిపోనీ, దేవుడమ్మా పోతుంది, పనసచెట్టూ పోతుంది అనుకున్నాను. పాత జ్ఞాపకాలకి మెషీన్‌తో సంబంధం లేదని నాకే తెలిసి కూడా అలా అనుకున్నాను. సుదర్శనం గారు రెండు రోజులు గడువిచ్చారు. మస్తాన్ నా వైపు వింతగా చూస్తూ బయటికి నడిచాడు.

మస్తాన్‌ది నరసరావుపేట. పదేళ్ళుగా నాతో పని చేస్తున్నాడు. మర్నాడు మధ్యాహ్నం మూడున్నర దాటాక, మూడు కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నిన్న మీటింగులో నీ మొహం చూసి భయమేసింది. ఏందో జరుగుతుందని త్రివేణి లెక్కలు తీసి చూశా. లోపలి జ్ఞాపకాలు చూళ్ళేదులే, ఏ వాటా సామానుని ఏ వాటాతో కలిపిందో అది మాత్రమే చూశా. పదకొండుకీ పదహారుకీ కలిపినంత ఇంకెవ్వరికీ కలపలా."

"ఒకేలాంటివి ఉంటే కలుపుతుంది. దాని పనే అది."

"ఒకేలాంటివి కాదక్కా. అక్షరం అక్షరం పోల్చట్లేదు ఇది. నూటికి తొంభై ఏడు పాళ్ళు పోలితే చాలు, ఒకటే అనేసుకుంటంది. కంపెనీ వాళ్ళు ఇచ్చిన పుస్తకంలో రెండొందల నలభయ్యో పేజీ అడుగున ఉంది ఆ ముక్క. కలిపేసినాక, పదకొండు వాటాలో కొత్తగా ఏం రాసుకున్నా పదహారులోకి కూడా కారిపోతంది. అటు నుంచి ఇటు కూడా అంతే. బావగారు ఏమన్నా తేడాగా మాట్లాడుతున్నారా?"

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. పసుపు గుమ్మం పదకొండో ఆయనది. పనసచెట్టు ఆయనది. దేవుడమ్మ ఆయన మనిషి. నా మొగుడు ఏ పాపమూ ఎరగడు. నవ్వొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. మస్తాన్ కంగారు పడి మంచినీళ్ళు తెచ్చాడు.

సగం గ్లాసు తాగేసరికి నా పాత జబ్బు మళ్ళీ లేచింది. "మస్తాన్, కారడానికి ముందు రెండూ కలవాలి. కలవాలంటే ముందే ఒకటిగా ఉండాలి."

"దాదాపుగా."

"ఏవి ఒకటిగా ఉన్నాయి? ఏ టైములోవి?"

కాగితం తిప్పాడు. "రోజూ సాయంత్రం నాలుగు నుంచి నాలుగుముప్పావు దాకా రాసుకున్నవి. నలభై రెండు రోజులు, ఒక్క రోజు తప్పకుండా."

అంటే కారడం తర్వాతి సంగతి. అంతకుముందే, ఆ నలభై అయిదు నిమిషాలూ ఇద్దరు మగవాళ్ళ జ్ఞాపకంలో ఒకటే ఉంది. గోడ గడియారంలో నాలుగవడానికి పది నిమిషాలుంది. గ్లాసు బల్ల మీద పెట్టి మెట్లెక్కాను.

వార్డు గుమ్మం పక్కన, తెర వెనక నిలబడ్డాను. సరిగ్గా నాలుగింటికి యాభయ్యేళ్ళ ఆవిడ, ముదురు నీలం నేత చీర, చేతిలో నాలుగు గిన్నెల కేరేజీతో వచ్చింది. కిటికీ పక్క మంచానికీ మా ఆయన మంచానికీ మధ్య స్టూలు వేసుకుంది. గిన్నె తెరిచి కిటికీ పక్కనున్న పెద్దాయనకి ఒక పళ్ళెం, ఇటు తిరిగి మా ఆయనకి ఒక పళ్ళెం పెట్టింది. ఇద్దరికీ కలిపి ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. రంగులవాడు మళ్ళీ రాలేదనీ, పనసచెట్టు మీద కోతులు పడ్డాయనీ. ఇద్దరూ నోట్లో ముద్ద పెట్టుకుని, అటొకరూ ఇటొకరూ, ఆమె మొహమే చూస్తూ వింటున్నారు.

నేను తెర దాటి ముందుకి వచ్చాను. ఆమె లేచి నిలబడింది.

"మీరు రత్నంగారు గదేటి?" అంది. "మీ ఆయన మీ పోటో సూపించినాడు. రండమ్మా, కూకోండి. నాను తాతారావు ఆడదాన్ని. దేవుడమ్మంటారు."

"మా ఆయనకి మీరు..." అని ఆగిపోయాను.

"ఏటి సేస్తానమ్మా, పక్క మంచం మనిసి నోరు సూస్తా ఉంటే ఒక్కడికే ఎలగెడతాను? మొదట్లో రోజూ అడిగీవోడు, నా ఆడది రాలేదా అనీసి. నానే సెప్పీదాన్ని, ఇందాకే ఒచ్చి ఎల్నాది బావూ, నువ్వు నిద్దరోతన్నావని లేపలేదు అనీసి. అప్పుడు నెమ్మదిగా తినీవోడు."

నేను ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఒకే గది, ఒకే కిటికీ, ఒకే టైము, పక్కన కూర్చున్న ఆడమనిషి కూడా ఒకరే. త్రివేణికి వాళ్ళిద్దరి మధ్యా తేడా కనిపించలేదు. ఆ తేడా నేను అయ్యుండాల్సింది. నలభై రెండు రోజుల్లో నేను సగం రోజులైనా వచ్చి కూర్చుని ఉంటే నా మొగుడి సాయంత్రాలు వేరుగా ఉండేవి, ఏ పొదుపరీ వాటిని ఇంకొకరి వాటిలో కలిపేది కాదు. ఆయనకి పెళ్ళాం లేని చోటికి వచ్చిన మనిషిని ఆయన నా మనిషే అన్నాడు. అందులో అబద్ధమేముంది?

దేవుడమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "మీరు కింద ఆ మిసన్లు సూస్తారట గదా. ఒక్క మాట అడుగుతానమ్మా. మా ఆయన కూలీల జట్టుకి మేస్త్రీ. జన్మలో క్రేను ఎక్కలేదు. ఈ మజ్జన క్రేన్ల గోలే. నిన్న నన్ను రత్నం అని పిలిసినాడు. ముప్పై రెండేళ్ళ కాపురం అమ్మా. ఆడిని ఆడిలాగ ఉంచండి. నాకింకేటీ వొద్దు."

కిటికీ పక్క పెద్దాయన నన్ను చూసి తెలిసిన మనిషిని పలకరించినట్టు తల ఊపాడు.

మర్నాడు కాగితాలన్నీ సుదర్శనం గారి ముందు పెట్టాను. ఆయన చెడ్డ మనిషి కాదు. చాలాసేపు చదివారు. "కంపెనీ వాళ్ళు మూడు నెలల్లో సరిచేస్తామంటారు. అందాకా ఓపిక పడితే ఎవర్నీ ఆపక్కర్లేదు కదండీ?"

"మూడు నెలల్లో పదకొండెవరో పదహారెవరో వాళ్ళకే తెలియదు సార్. తర్వాత ఏం సరిచేస్తారు?"

"అయితే మీ వారు..." అని మధ్యలో ఆపేసి కళ్ళజోడు తుడుచుకున్నారు. "చేరిన తేదీల ఫైలు మీ దగ్గరే ఉంటుంది. నేను దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు. చూడబోను కూడా."

ఆయన ఏం చెబుతున్నారో అర్థమైంది. గదికి వచ్చి ఆ ఫైలు తెరిచాను. పదో నంబరు తేదీనీ పదహారో నంబరు తేదీనీ తారుమారు చేస్తే చాలు. పదహారు మొదటి పదకొండులోకి వస్తుంది, ఎవరో పేరు తెలియని మనిషి బయటికి పోతాడు. పేరు తెలియకుండా పని చేయడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. మౌస్ మీద చెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే గుర్తు లేదు. ఆ గదిలో నేను అనుమానించని వస్తువు లేదు గానీ నన్ను నేను అనుమానించుకోవడం అదే మొదటిసారి. పది అంకె పక్కనా ఎవరో దేవుడమ్మ కేరేజీ పట్టుకుని వస్తూ ఉంటుంది కదా అనిపించింది. ఫైలు మూసేశాను.

సంతకం పెట్టే ముందు ఆయనకి చెప్పాలనిపించింది. పైకి వెళ్ళాను. దేవుడమ్మ మొగుణ్ణి వరండాలోకి నడిపించుకుని వెళ్ళింది.

"మావా, శుక్రవారం నీ మెషీన్ ఆపేస్తున్నాం. నేనే ఆపుతున్నాను."

"మల్లీ ఎప్పుడు?"

"వచ్చే ఏడాది. కొత్తవి వచ్చాక. అప్పటిదాకా ఏదీ నిలవదు."

"ఈ రెండు నెల్లూ పోతాయేటి?"

"కలిసిపోయినవి ఏరి తీసేస్తే ఏం మిగులుతుందో తెలీదు. మిగిలింది దాచి ఉంచుతాను."

"నువ్వొచ్చినవి కూడా పోతాయేటి? నాను పడుకున్నప్పుడు రోజూ ఒచ్చీదానివంట గదా. దేవుడమ్మ సెప్పీది."

ఆ అబద్ధాన్ని అలాగే ఉంచొచ్చు. శుక్రవారం దాటితే ఎలాగూ ఉండదు. కానీ ఆయన కళ్ళలోకి చూస్తూ ఉంచలేకపోయాను. "నేను నీ దగ్గరికి రాలేదు మావా. నిన్ను కింద తెర మీద చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నే గుమ్మం దాకా వచ్చి పోయేదాన్ని గానీ నీ పక్కన కూర్చోవాలని తోచలేదు. తప్పయిపోయింది."

ఆయన కోప్పడలేదు. తిడితే బాగుణ్ణు. నా చేతి మీద చెయ్యేసి, నవ్వుతూనే అన్నాడు.

"మరి పోయీదేటుందే?"

ఆ నవ్వు చూసి నేను భోరున ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నానో ఆయనకి తెలుసు. పక్కకి జరిగి మంచం మీద నాకు చోటిచ్చాడు.

ప్రాకారానికి సంతకం పెట్టాను. శుక్రవారం పదకొండు గంటలకి ఐదు మెషీన్లు నా చేత్తోనే ఆపాను. పదహారో గీత నేలకి వాలి, తెర మీద నుంచి పోయింది. పన్నెండో నంబరు మనిషి కూతురు గేటు దగ్గర నన్ను పట్టుకుని, మా బాధ మీకేం తెలుసండీ అని నిలదీసింది. నాకూ తెలుసమ్మా అని చెప్పలేకపోయాను.

తాతారావు గారిని పాత ప్రతి నుంచి మళ్ళీ నిలబెట్టాం. కలవక ముందు తీసి దాచిన ప్రతి అది. నలభై పైచిలుకు రోజులు పోయాయి, మనిషి మాత్రం మిగిలాడు. మొన్న భార్యని పేరు పెట్టి పిలిచాడట. ఆవిడ మెట్ల దాకా పరిగెత్తుకొచ్చి నాకు చెప్పి వెళ్ళింది.

నేనిప్పుడు మూడున్నరకల్లా మస్తాన్‌కి గది అప్పజెప్పి పైకి వెళ్తాను. మా వదిన పొద్దున్నే ఏదో ఒకటి వండి ఇస్తుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఆయన దిండు మీద నుంచి లేచి కూర్చుంటాడు. జ్వరంతో ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ నేను రానేలేదనుకుంటాడు.

"ఎన్నాళ్ళకొచ్చినావే రత్నం!" అంటాడు.

మొదటి వారం రోజులూ నేను వాదించేదాన్ని. నిన్న కూడా వచ్చాను మావా, మొన్నా వచ్చాను, ఇదిగో నర్సమ్మని అడుగు అని. ఆయన నర్సు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, నొచ్చుకున్నట్టు నవ్వేవాడు. నమ్మేవాడు కాదు. నమ్మడానికి ఆయన దగ్గర ఏముంది?

ఇప్పుడు వాదించడం మానేశాను. పళ్ళెంలో పెట్టి, పక్కన కూర్చుని, "అవును మావా, ఆలస్యమైపోయింది," అంటాను.

"పోనీలే, ఒచ్చినావు గదా," అని తినడం మొదలుపెడతాడు. పది నిమిషాలయ్యాక తలెత్తి, నన్ను అప్పుడే చూసినట్టు, మళ్ళీ అదే సంతోషంతో ఎన్నాళ్ళకొచ్చినావే అంటాడు. మళ్ళీ నేను ఆలస్యమైపోయిందనే అంటాను.